గోల్ఫ్ మైదానాల పేర్లు: నేల పెట్టినవి, అమ్మకం పెట్టినవి

సంక్షిప్తంగా: గోల్ఫ్ కోర్సుల పేర్లలో కాలానికి నిలిచినవి చాలావరకు అక్కడి కొండ నుంచో, చెట్టు నుంచో, ఊరి నుంచో వచ్చినవే. ఇళ్ల స్థలాల అమ్మకం కోసం కూర్చిన పేర్లు, పరదేశపు ప్రతిష్ఠను అరువు తెచ్చుకున్న పేర్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయి గుర్తింపు పోగొట్టుకుంటున్నాయి. కొన్ని కోర్టు దాకా కూడా వెళ్లాయి. విశాఖపట్నం చుట్టూ ఉన్న స్థలనామాలను చూస్తే, ఇక్కడి మైదానాలకైనా, వాటిలోని హోల్స్‌కైనా (బంతి కొట్టడం మొదలుపెట్టే చోటు నుంచి అది చేరాల్సిన గుంట దాకా ఉండే ఒక్కో భాగం) పేర్ల కోసం దూరం వెళ్లనక్కరలేదు.

విశాఖపట్నంలో గోల్ఫ్ ఆడే చోటు మూడు పేర్లతో వార్తల్లో కనిపిస్తుంది. క్లబ్బు పేరు ఈస్ట్ పాయింట్. ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్ ఆఫ్ ఇండియా అక్కడ నిర్వహించిన పోటీ పేరు వైజాగ్ ఓపెన్. మైదానం ఉన్న ప్రాంతం ముడసర్లోవ. పోటీ వార్త చదివిన కొత్తవారికి ఈ మూడూ ఒకే చోటని వెంటనే తట్టదు. ఈస్ట్ పాయింట్ అనగానే సముద్రంలోకి చొచ్చుకుపోయిన భూభాగం ఏదో కళ్లముందు కదులుతుంది. నగరంలోని ఈస్ట్ పాయింట్ కాలనీ కూడా చినవాల్తేరు వైపు, తీరానికి దగ్గరగానే ఉంది. మైదానం మాత్రం తీరం విడిచి లోపలికి, కొండల నడుమ, ముడసర్లోవ రిజర్వాయరు ఉన్న ప్రాంతంలో ఉంది.

ఇందులో తప్పేమీ లేదు. ప్రపంచంలో చాలా క్లబ్బుల పేర్లకూ వాటి మైదానాలకూ మధ్య ఇలాంటి ఎడం ఉంది. అయినా గోల్ఫ్ కోర్సు పేరు ఎక్కడి నుంచి వస్తుంది, కొన్ని పేర్లు వందేళ్లు దాటినా ఎందుకు నిలుస్తాయి, కొన్ని బోర్డు మీద రంగు ఆరకముందే ఎందుకు మరుగున పడతాయి అన్న ప్రశ్నలకు విశాఖ మంచి వేదిక. స్థలనామాలు ఇంత చిక్కగా ఉన్న తీరనగరాలు తక్కువ.

పేరు ఎప్పుడు పుడుతుంది

ఊళ్లో ఒకే మైదానం ఉన్నంతకాలం దానికి ప్రత్యేకమైన పేరుతో పనిలేదు. ఆటో ఎక్కి గోల్ఫ్ క్లబ్ అంటే చాలు. రెండోది వచ్చినప్పుడే మొదటిదాని పేరుకు పని పడుతుంది. స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ చరిత్ర దీన్ని స్పష్టంగా చూపిస్తుంది. శతాబ్దాలుగా ఆట సాగిన అక్కడి మైదానాన్ని ఓల్డ్ కోర్సు అని పిలవాల్సిన అవసరం 1895లో పక్కనే మరొకటి తెరిచాకే వచ్చింది. ఆ రెండోది న్యూ కోర్సు అయింది. 1897లో వచ్చినదానికి విక్టోరియా రాణి పాలన వజ్రోత్సవాన్ని బట్టి జూబిలీ అన్నారు. 2008లో తెరిచిన క్యాజిల్ కోర్సుకు పేరు కోసం బహిరంగ పోటీ పెట్టారు.

న్యూ కోర్సు వయసు ఇప్పుడు 130 ఏళ్లు దాటింది. ప్రపంచంలోని గోల్ఫ్ కోర్సుల్లో అత్యధిక భాగం దానికంటే చిన్నవే. అయినా ఆ పేరు ఎవరినీ ఇబ్బంది పెట్టదు. తెలుగువారికి దగ్గరి ఉదాహరణ హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్ ఉన్న గోల్కొండ నయా ఖిలా. కొత్త కోట అని పేరున్న ఆ కట్టడం శతాబ్దాల నాటిది. పక్కన ఉన్న పాతదాని నుంచి వేరుచేయడమే ఈ పేర్ల అసలు పని. ఆ పని జరుగుతున్నంతకాలం మాట అర్థం పాతబడినా పేరు పాతబడదు.

అంకెలు, రంగులు కూడా ఈ కారణంగానే పేర్లుగా చెల్లుతాయి. అమెరికాలోని పైన్‌హర్స్ట్‌లో కోర్సులకు వరుస సంఖ్యలే పేర్లు. 1907లో తెరిచిన రెండో నంబరు కోర్సు వాటన్నిటిలోకీ ప్రఖ్యాతమైనది. న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన బెత్‌పేజ్ పార్కులో ఐదు కోర్సులున్నాయి: నలుపు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు. సర్కారు పార్కులో ఎవరైనా టిక్కెట్టు కొని ఆడగలిగే బెత్‌పేజ్ బ్లాక్‌లో 2002లో యూఎస్ ఓపెన్ అనే ప్రధాన గోల్ఫ్ పోటీ జరిగింది. అప్పటి నుంచి ఆ నల్లరంగు పేరుకు ఏ అలంకారపు పేరుకూ లేనంత బరువు వచ్చింది. ఆ బరువు మైదానం ఇచ్చినది. పేరు అడ్డురాకుండా ఉంటే చాలు, మిగిలినది ఆటే చూసుకుంటుందని ఈ రెండు చోట్లూ చెబుతున్నాయి.

నేల పెట్టిన పేర్లు

కాలిఫోర్నియాలో 1919లో తెరిచిన పెబుల్ బీచ్ పేరు గులకరాళ్ల తీరం నుంచి వచ్చింది. శాన్ డియాగో నగరపాలక సంస్థ నడిపే టోరీ పైన్స్ పేరులో ఉన్నది ఒక అరుదైన దేవదారు జాతి చెట్టు. అది సహజంగా పెరిగేది ఆ తీరంలోనూ మరో చిన్న దీవిలోనూ మాత్రమే. హైదరాబాద్‌లోని బౌల్డర్ హిల్స్ పేరు ఇంగ్లిషుదే అయినా, మైదానంలో అడుగుపెట్టినవారికి ఆ పేరు ఎందుకు పెట్టారో వివరించాల్సిన పనిలేదు. దక్కను పీఠభూమి బండరాళ్లు ఫెయిర్‌వేల (బంతి సాగే పచ్చిక దారుల) పక్కనే నిలబడి ఉంటాయి. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో ప్రధాన కోర్సుకు లోధీ అని పేరు. ఆ మైదానంలో పాత సమాధి కట్టడాలు ఇప్పటికీ ఉన్నాయి.

మనుషుల పేర్లూ నేలలో కలిసిపోతాయి. న్యూజెర్సీలోని బాల్టస్‌రాల్ పేరు వినడానికి ఏదో రాజవంశపు పేరులా ఉంటుంది. నిజానికి అది ఆ నేల మీద సాగు చేసుకుని బతికి, 1831లో హత్యకు గురైన బాల్టస్ రోల్ అనే రైతు పేరు. క్లబ్బు 1895లో ఏర్పడింది. ఆ రైతుకు గోల్ఫ్ ఏమిటో తెలిసి ఉండదు, కానీ అతని పేరు ఆ మైదానం మీదే మిగిలింది. కోల్‌కతాలోని టాలీగంజ్ కూడా అలాంటిదే. పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడ కాలువ తవ్వించిన విలియం టాలీ పేరు ముందు కాలువకు, తరవాత పేటకు, చివరికి 1895లో క్లబ్బుకు చేరింది. సిమ్లా దగ్గరి నల్దేరాలో ఇది తిరగబడింది. ఆ చోటు మీద మక్కువ పెంచుకున్న వైస్రాయ్ కర్జన్, 1904లో పుట్టిన తన మూడో కుమార్తె పేరులో నల్దేరా అన్న మాటను చేర్చాడు.

నేల పెట్టిన పేరు ఎప్పుడూ హాయినే ఇస్తుందని అనుకోనక్కరలేదు. న్యూయార్క్ రాష్ట్రంలో 1891లో ఏర్పడిన షినకాక్ హిల్స్ క్లబ్బుకు అక్కడి ఆదివాసీ తెగ పేరు పెట్టారు. మైదానం తయారీలో ఆ తెగవారు కూలీలుగా పనిచేశారు. 2005లో వారు ఆ కొండలున్న నేల తమదని కోర్టుకు వెళ్లారు. దావా నెగ్గలేదు. కానీ క్లబ్బు తన గేటు మీద వందేళ్లకు పైగా రాసుకున్న పేరే ఆ నేల ఎవరిదన్న ప్రశ్నను ఇప్పటికీ గుర్తుచేస్తూ ఉంటుంది. మంచి పేరుకు ఉన్న నిజాయితీ ఇలాంటిది కూడా. పెట్టినవారికి అనుకూలం కాని సంగతిని సైతం అది దాచదు.

విశాఖ వాసులకు ఈ సంగతి కొత్తది కాదు. భీమిలి దారిలో ఉన్న తొట్లకొండకు ఆ పేరు కొండ మీద రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల వచ్చింది. బావికొండకు అక్కడి బావుల వల్ల వచ్చింది. అవి బౌద్ధ భిక్షువుల కోసం తయారైనవన్న విషయం పురావస్తు తవ్వకాల తరవాతే లోకానికి తెలిసింది. మధ్యలో ఎన్నో తరాలపాటు ఆ కొండల మీద ఏముందో ఒక్క పేరే చెబుతూ వచ్చింది. ఆరామాలు కూలినా, వాటిలో ఉన్నవారి ఊసు మరిచిపోయినా, నీళ్లు దొరికే చోటు గుర్తు చెరిగిపోలేదు. గోల్ఫ్ కోర్సులకు పేరు పెట్టే సంఘాలు ఈ రెండు కొండలను ఒకసారి తలచుకుంటే, ఆ పనికి ఎంత విలువ ఉందో తెలుస్తుంది.

ప్లాట్లు అమ్మే పేర్లు

రెండో ప్రపంచ యుద్ధం తరవాత అమెరికాలో గోల్ఫ్ కోర్సు స్వభావం మారింది. అంతకుముందు ఆడేవారు కలిసి డబ్బు వేసుకుని మైదానం కట్టుకునేవారు. తరవాతి దశలో ఇళ్లు కట్టి అమ్మే సంస్థలు మైదానాన్ని మధ్యలో పెట్టి, దాని చుట్టూ స్థలాలు అమ్మడం మొదలుపెట్టాయి. అక్కడే పేరు పెట్టే చేయి మారింది. ఆటగాడు తనకు కనిపించినదాన్ని బట్టి పిలుస్తాడు. అమ్మేవారు కొనేవారికి ఏది కనిపించాలో దాన్ని బట్టి పిలుస్తారు.

ఈ రెండో పద్ధతికి ఒక అచ్చు ఉంది. ముందు ఒక చెట్టో పక్షో జంతువో, వెనక ఒక భూరూపం. ఓక్, పైన్, ఈగిల్, ఫాక్స్ లాంటి మాటల్లో ఒకటి. క్రీక్, రిడ్జ్, హిల్స్, లేక్స్ లాంటి మాటల్లో ఒకటి. ఏదైనా రెండు జతచేస్తే ఒక కోర్సు పేరు తయారు. వీటిలో ఏ ఒక్కటీ విడిగా చెడ్డది కాదు. అన్నీ ఒకే అచ్చులో రావడమే ఇబ్బంది. పేరుమోసిన క్లబ్బుల్లో కూడా ఈ గందరగోళం ఎంతదో చూడవచ్చు. ఓక్‌మాంట్, ఓక్ హిల్, ఓక్‌లాండ్ హిల్స్, ఓక్ ట్రీ అనే నాలుగు వేర్వేరు అమెరికా క్లబ్బుల్లోనూ ప్రధాన ఛాంపియన్‌షిప్‌లు జరిగాయి. నాలుగూ నాలుగు రాష్ట్రాల్లో ఉన్నాయి. ఏ పోటీ ఏ ఓక్‌లో జరిగిందో చెప్పడానికి గోల్ఫ్ చరిత్ర తెలిసినవారు కూడా ఒక్క క్షణం ఆగుతారు. నిజమైన ఓక్ చెట్లున్న మేటి మైదానాల పరిస్థితే ఇదైతే, చెట్టు ఊసే లేని చోట అదే మాట వాడితే ఏం మిగులుతుంది?

భారతదేశంలో ఈ అచ్చు మరో రూపంలో దిగింది. గ్రీన్స్, మెడోస్, కౌంటీ, వ్యాలీ, రిట్రీట్ అనే మాటలు నగరాల శివార్లలో ఏ దిక్కు చూసినా కనిపిస్తాయి. వాటికి గోల్ఫ్ అనే మాట తోడైతే ధర మీద ప్రభావం ఉంటుందన్నది అమ్మకందార్ల నమ్మకం. ఇక్కడ కొనుగోలుదారు జాగ్రత్తగా చూడాల్సిన తేడా ఒకటి ఉంది. పేరులో గోల్ఫ్ ఉన్నంత మాత్రాన పద్దెనిమిది హోల్స్ కోర్సు ఉంటుందని అర్థం కాదు. తొమ్మిది హోల్స్ ఉండవచ్చు, బంతి కొట్టి సాధన చేసే రేంజి మాత్రమే ఉండవచ్చు, ఒక పచ్చిక పట్టీ ఉండవచ్చు. పూర్తి స్థాయి కోర్సుకు సాధారణంగా 120 ఎకరాలకు పైగా నేల కావాలి. నీటి వనరు అంతకంటే ముఖ్యం. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం, ప్రకటనలోనో కరపత్రంలోనో ఉన్న తప్పుడు సమాచారాన్ని నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవారు పరిహారం కోరవచ్చు. అందువల్ల పేరును పక్కన పెట్టి, ప్రాజెక్టు నమోదు పత్రాల్లోనూ ఆమోదం పొందిన ప్లానులోనూ మైదానానికి ఎంత నేల చూపించారో, అది ఎవరి పేర ఉంటుందో చదవాలి. ప్లానులో లేని మైదానం పేరులో ఎంత పెద్ద అక్షరాల్లో ఉన్నా దాని మీద నడవలేం.

లింక్స్ అన్న మాటదీ ఇదే కథ. బ్రిటన్‌లో అది సముద్రానికీ సాగుభూమికీ మధ్య ఉండే ఇసుక నేలకు పేరు. గాలి, ఇసుక తిన్నెలు, పొట్టి గడ్డి దాని లక్షణాలు. సముద్రం కనుచూపు మేరలో లేని ఊళ్లలో సైతం ఈ మాట క్లబ్బుల పేర్లలో చేరిపోయింది. నిజమైన లింక్స్‌లో బంతి నేల మీద దొర్లుతూ పోతుంది. నీళ్లు పెట్టి పెంచిన మెత్తటి పచ్చికలో పడినచోటే ఆగుతుంది. పేరు చూసి వచ్చిన ఆటగాడికి ఎలాంటి ఆట దొరుకుతుందన్నదే మారిపోతుంది కాబట్టి ఈ తప్పును చిన్నదిగా తీసుకోలేం.

అరువు పేర్లలో రెండు రకాలు

అరువు తెచ్చుకోవడం అన్నిసార్లూ తప్పు కాదు. సెయింట్ ఆండ్రూస్‌లో 1867లో ఏర్పడిన మహిళల పుటింగ్ (బంతిని గుంటలోకి దొర్లించే ఆట) క్లబ్ మైదానాన్ని హిమాలయాస్ అని పిలుస్తారు. నిండా ఎత్తుపల్లాలున్న చిన్న పచ్చిక అది. స్కాట్లండులోనే ఉన్న ప్రెస్ట్‌విక్‌ కోర్సులో ఒక హోల్ పేరు హిమాలయాస్, మరో హోల్ పేరు ఆల్ప్స్. అతిశయోక్తి అని చూడగానే తెలుస్తుంది కాబట్టి ఇక్కడ ఎవరూ మోసపోరు. నేల తీరును ఒక్క మాటలో చెప్పడం వీటి బలం. విశాఖ ఓడరేవు పక్కన ఉన్న డాల్ఫిన్స్ నోస్ కూడా ఆకారాన్ని బట్టి వచ్చిన పేరే. అదే పేరు తమిళనాడులోని కూనూరులోనూ కొడైకెనాల్‌లోనూ ఉంది. ఒకే ఆకారం కంటికి తగిలినచోట ఒకే పేరు పుట్టడం సహజం.

ప్రతిష్ఠ కోసం తెచ్చుకునే అరువు వేరు. దాన్ని మర్యాదగా తెచ్చుకున్న సందర్భాలూ ఉన్నాయి. అమెరికా గోల్ఫర్ జాక్ నిక్లాస్ 1966లో స్కాట్లండులోని మ్యూర్‌ఫీల్డ్‌లో బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. తరవాత తన సొంత రాష్ట్రం ఒహాయోలో కట్టిన కోర్సుకు మ్యూర్‌ఫీల్డ్ విలేజ్ అని పేరు పెట్టాడు. వెనక ఒక నిజమైన గెలుపు ఉంది, విలేజ్ అన్న మాటతో తేడా కూడా చూపించాడు.

మర్యాద దాటితే ఏమవుతుందో టెక్సస్‌లోని టూర్ 18 వ్యాజ్యం చెబుతుంది. ఆ సంస్థ అమెరికాలోని ప్రసిద్ధ కోర్సుల నుంచి ఒక్కో హోల్‌ను నకలు చేసి ఒకే మైదానంలో పేర్చింది. అసలు పేర్లతోనే ప్రచారం చేసుకుంది. పెబుల్ బీచ్, పైన్‌హర్స్ట్, హార్బర్ టౌన్ యజమానులు కోర్టుకు వెళ్లారు. 1996లో కింది కోర్టు, 1998లో అప్పీలు కోర్టు చేసిన విచారణలో తేలినది ఆసక్తికరం. హోల్ ఆకృతిని నకలు చేయడం దానంతట అదే పెద్ద నేరంగా నిలవలేదు. పేర్లను ప్రచారంలో వాడి సంబంధం ఉన్నట్టు భ్రమ కల్పించడం తప్పని కోర్టు అన్నది. హార్బర్ టౌన్ చివరి హోల్ వెనక ఉన్న లైట్‌హౌస్ విషయంలో మాత్రం ఆకృతి కూడా అసలు మైదానం గుర్తింపులో భాగమేనని, ఆ నకలును తీసేయాలని తీర్పు వచ్చింది. ఎరుపు, తెలుపు చారల ఆ దీపస్తంభం ఓడలకు దారి చూపడం కోసం కట్టినది కాదు, పర్యాటకులను ఆకర్షించడానికి ఒక ప్రైవేటు సంస్థ కట్టించినది. అయినా బొమ్మగా అది పేరంత బలమైన గుర్తయింది.

భారత ట్రేడ్‌మార్కుల చట్టం 1999 ఈ విషయంలో మరో కోణం చూపిస్తుంది. కేవలం ఒక ఊరినో ప్రాంతాన్నో సూచించే మాటను సొంత ముద్రగా నమోదు చేసుకోవడం మామూలుగా కుదరదు. చాలాకాలం వాడకం వల్ల ఆ మాట ఆ సంస్థకే ప్రత్యేకమైందని చూపగలిగితేనే వెసులుబాటు ఉంది. స్థానికమైన పేరు అందరిదీ కాబట్టి ఒక్కరికి దక్కదు. ఎక్కడా లేని మాటను కల్పిస్తే నమోదు సులువు. అమ్మకం విభాగాలు నేల పేర్లను వదిలి కల్పిత పేర్ల వైపు వెళ్లడానికి అభిరుచి ఒక్కటే కారణం కాదు, చట్టం కూడా ఆ వైపే నెడుతోంది.

బిరుదులు, యజమానులు, పొడి అక్షరాలు

రాయల్ అన్న మాట బ్రిటిష్ సంప్రదాయంలో రాజముద్ర. అనుమతి లేకుండా పెట్టుకోకూడదు. 1829లో ఏర్పడిన కలకత్తా గోల్ఫ్ క్లబ్, బ్రిటిష్ దీవుల వెలుపల అన్నిటికంటే పాతది. దానికి ఆ బిరుదు 1911లో అయిదో జార్జి రాక సందర్భంగా వచ్చింది. సామ్రాజ్యం పోయింది, 2001లో నగరం పేరు కోల్‌కతాగా మారింది, క్లబ్బు మాత్రం రాయల్ కలకత్తాగానే ఉంది. చరిత్ర అలా జరిగింది కాబట్టి ఆ పేరు చెల్లుతుంది. అలాంటి గతం లేని కొత్త క్లబ్బు రాయల్ అనో ఇంపీరియల్ అనో పెట్టుకుంటే మాట మిగులుతుంది, ముద్ర ఉండదు.

యజమాని పేరుది మరో ప్రమాదం. స్కాట్లండు తీరంలోని టర్న్‌బెర్రీని డొనాల్డ్ ట్రంప్ సంస్థ 2014లో కొని తన పేరును ముందు చేర్చింది. అక్కడ చివరి బ్రిటిష్ ఓపెన్ 2009లో జరిగింది. చర్చ ఆట మీద కంటే యజమాని మీదకు వెళ్తుందన్న కారణంతో, సమీప భవిష్యత్తులో అక్కడ పోటీ పెట్టే ఆలోచన లేదని నిర్వాహక సంస్థ ఆర్ అండ్ ఏ 2021 జనవరిలో ప్రకటించింది. మైదానం ఎంత గొప్పదైనా, బతికున్న వ్యక్తి పేరు తగిలించిన రోజు నుంచి ఆ వ్యక్తి ఎదుగుదలలోనూ వివాదాల్లోనూ మైదానం పాలు పంచుకోక తప్పదు. గురుగ్రామ్‌లోని డీఎల్ఎఫ్ క్లబ్బు తన కోర్సులకు, వాటిని రూపొందించిన గోల్ఫర్లు ఆర్నాల్డ్ పామర్, గ్యారీ ప్లేయర్ పేర్లను పెట్టుకుంది. రూపకర్త పేరు పెట్టడం దీనికంటే మేలు. కనీసం ఆ మనిషికీ ఆ నేలకూ పని సంబంధం ఉంది.

పొడవైన అధికారిక పేర్లకు విశాఖలో ఏమవుతుందో అందరికీ తెలుసు. డాక్టర్ వైఎస్ రాజశేఖరరెడ్డి ఏసీఏ-వీడీసీఏ క్రికెట్ స్టేడియాన్ని జనం పీఎం పాలెం స్టేడియం అంటారు. పీఎం పాలెం అంటే పోతినమల్లయ్యపాలెం. ఎంవీపీ కాలనీ అంటే మువ్వలవానిపాలెం కాలనీ. పొడి అక్షరాల వెనక నిండైన ఊరి పేర్లున్న సంగతి నగరంలో పుట్టిన పిల్లల్లోనే చాలామందికి తెలియదు. గోల్ఫ్‌లోనూ ఇదే. కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్‌ను కేజీఏ, ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌ను డీజీసీ, బెంగళూరు గోల్ఫ్ క్లబ్‌ను బీజీసీ అని అక్షరాలతోనే పిలుస్తారు. నాలుగు అక్షరాలకు మించిన పేరు పెట్టేటప్పుడు జనం దాన్ని ఎక్కడ విరుస్తారో ముందే ఊహించి, ఆ విరిగిన ముక్కకూ అర్థం ఉండేలా చూడటం మంచి నామకరణంలో భాగం.

అసలు సంపద హోల్స్ పేర్లలో ఉంది

కోర్సు పేరు ఒక్కటే. హోల్స్ పద్దెనిమిది. స్కాట్లండు, ఐర్లండు దేశాల్లో ప్రతి హోల్‌కూ ఒక పేరు ఉంటుంది. సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో నాలుగో హోల్ పేరు జింజర్ బీర్, పదిహేడోది రోడ్ హోల్. ఉత్తర ఐర్లండులోని రాయల్ పోర్ట్‌రష్‌లో ఇప్పటి పదహారో హోల్ పేరు కెలామిటీ కార్నర్. కుడివైపు లోయ చూస్తే ఆ పేరు ఎందుకో వేరే చెప్పనక్కరలేదు. స్కాట్లండులోని రాయల్ ట్రూన్‌లో ఎనిమిదోదానికి మొదట ఎయిల్సా అన్న పేరుండేది. దూరాన సముద్రంలో కనిపించే ఎయిల్సా క్రేగ్ దీవి దానికి మూలం. తరవాత దాని గ్రీన్ (గుంట ఉండే నున్నటి పచ్చిక) తపాలా బిళ్లంత ఉందని విల్లీ పార్క్ రాసిన వ్యాఖ్య అందరి నోటికీ ఎక్కి, పాత పేరును తోసేసి పోస్టేజ్ స్టాంప్ అయి కూర్చుంది. ఆ హోల్ పొడవు 123 గజాలు మాత్రమే. అధికారికంగా ఉన్న అందమైన పేరు, ఆడేవారి కష్టం చెప్పే పేరు పోటీపడితే రెండోదే నెగ్గుతుందనడానికి ఇంతకంటే మంచి రుజువు కష్టం.

అమెరికాలోని అగస్టా నేషనల్‌లో పద్దెనిమిది హోల్స్‌కూ చెట్ల పేర్లు, పూల మొక్కల పేర్లు ఉన్నాయి: మాగ్నోలియా, కమేలియా, అజేలియా, గోల్డెన్ బెల్, నందీనా. ఇది అలంకారం కోసం తెచ్చిపెట్టినది కాదు. 1930లలో కోర్సు కట్టకముందు ఆ నేల ఫ్రూట్‌లాండ్ అనే మొక్కల నర్సరీ. పూర్వపు పని కొత్త ఆటలో పేర్ల రూపంలో మిగిలింది. అదే మైదానంలో 11, 12, 13 హోల్స్ కలిసే మూలను ఆమెన్ కార్నర్ అంటారు. 1958లో హెర్బర్ట్ వారెన్ విండ్ అనే పత్రికా రచయిత వాడిన మాట అది. క్లబ్బు పెట్టని ఈ పేరు క్లబ్బు పెట్టిన పద్దెనిమిది పేర్లకంటే ఎక్కువమందికి తెలుసు.

చెట్ల పేర్లకు ఒక గండం ఉంది. అగస్టా పదిహేడో హోల్‌లో అమెరికా అధ్యక్షుడి పేరుతో ప్రసిద్ధమైన ఐసెన్‌హోవర్ చెట్టు 2014 ఫిబ్రవరి మంచు తుపానులో దెబ్బతిని తొలగింపుకు గురైంది. అదే సంవత్సరం అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకింది. ఒక్క పగటి గాలికి నగరం పచ్చదనం ఎంత పోయిందో చూసినవారికి, ఫలానా ఒక్క చెట్టు పేరు హోల్‌కు పెట్టడంలో ఉన్న ప్రమాదం వివరించనక్కరలేదు. జాతి పేరు పెట్టడం మేలు. సరుగుడు, తాడి, జీడిమామిడి, మొగలి అంటే ఒక చెట్టు కూలినా మరొకటి నాటి పేరును నిలబెట్టుకోవచ్చు. పేరు నిజం కావాలంటే చెట్టు నాటక తప్పదన్న పూచీ కూడా దానితో వస్తుంది.

పేరు మార్చాల్సి వచ్చినప్పుడు

అన్ని పాత పేర్లూ గౌరవించదగ్గవి కావు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ప్లాంటేషన్ అన్న మాట బానిసల చేత చేయించిన సాగును గుర్తుచేస్తుంది. 2020లో రోడ్ ఐలండ్ ఓటర్లు తమ రాష్ట్రపు అధికారిక పేరు నుంచి ఆ మాటను తీసేశారు. గోల్ఫ్ కోర్సుల పేర్లలో అది ఇంకా ఉంది. హవాయిలోని కపలువాలో ప్లాంటేషన్ కోర్సు అనాస తోటల నేల మీద వచ్చింది కాబట్టి అక్కడ అర్థం కొంత వేరు. ఒకే మాట ఒకచోట చరిత్ర, మరోచోట గాయం. న్యూజిలండ్‌లో 2004లో తెరిచిన కేప్ కిడ్నాపర్స్ కోర్సు పేరు, 1769లో కెప్టెన్ కుక్ ఓడ మీది కుర్రవాడిని ఎత్తుకుపోయే ప్రయత్నం జరిగిందని ఆ భూభాగానికి కుక్ పెట్టిన పేరు. ఆ కొనకు ఇప్పుడు మావోరీ పేరు కూడా అధికారికంగా జోడించారు. రెండు పేర్లూ పక్కపక్కన ఉండగలవని ఆ దేశం ఒప్పుకుంది.

విశాఖలో వాల్తేరు అన్న మాట ప్రయాణం ఇందుకు పోల్చదగినది. రైల్వే స్టేషను పేరు 1987లో వాల్తేరు నుంచి విశాఖపట్నంగా మారింది. వాల్తేరు రైల్వే డివిజన్ పేరును విశాఖపట్నం డివిజన్‌గా మార్చడానికి కేంద్ర మంత్రివర్గం 2025 ఫిబ్రవరిలో ఆమోదించింది. అయినా చినవాల్తేరు, పెదవాల్తేరు, వాల్తేరు క్లబ్ చెక్కుచెదరలేదు. కార్యాలయాల పేర్లు ఉత్తర్వుతో మారతాయి. జనం ఉండే పేటల పేర్లు అంత సులువుగా మారవు.

విశాఖకు ఏది నప్పుతుంది

నగరం పరిసరాల్లో మరో కోర్సు వస్తే పేరు పెట్టేవారి ముందు ఉండే ఎంపికలను ఇప్పుడే తూచి చూడవచ్చు. సింహాద్రి అనగానే సింహాచలం దేవాలయం, ఒక థర్మల్ విద్యుత్ కేంద్రం, ఒక రైలు గుర్తుకొస్తాయి; ఇంకొకరికి చోటు లేదు. కైలాసగిరి, తొట్లకొండ భక్తితోనూ వారసత్వంతోనూ ముడిపడినవి. సభ్యత్వం ఉన్నవారికే ప్రవేశం ఉండే క్రీడా సంస్థ ఆ పేర్లను తీసుకోవడం సబబు కాదు. ఎర్రమట్టి దిబ్బల పేరు ఇంకా సున్నితమైనది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ గుర్తించిన ఆ భూవారసత్వ స్థలం పేరు కోర్సుకు పెడితే, అక్కడే మైదానం కడుతున్నారన్న అనుమానానికి తావిస్తుంది. డాల్ఫిన్ పేరుతో నగరంలో ఇప్పటికే వ్యాపారాలున్నాయి. సాగర్, ఓషన్, కోస్ట్ అనే మాటలు తూర్పు తీరంలో ఏ ఊరికైనా సరిపోతాయి కాబట్టి ఏ ఊరినీ గుర్తుచేయవు.

మిగిలేవి చిన్న ఊళ్ల పేర్లు. ఉత్తరాంధ్రలో నేల తీరును చెప్పే మాటలు పేర్ల చివర ఎంత స్పష్టంగా నిలిచాయో చూడండి: ముడసర్లోవలో లోవ (లోయ), హనుమంతువాకలో వాక (ఏరు), మేఘాద్రిగెడ్డలో గెడ్డ (వాగు), అసీల్‌మెట్టలో మెట్ట, సీతమ్మధారలో ధార, కంబాలకొండలో కొండ. బయటివారికి నోరు తిరగదన్న అభ్యంతరం నిలవదు. మాక్రిహానిష్, బాలిబనియన్, కార్నూస్టీ, షినకాక్ అనే ప్రసిద్ధ గోల్ఫ్ కోర్సుల పేర్లు ఇంగ్లిషువారికి కూడా తేలికైనవి కావు. ఆడాలన్న కోరిక ఉన్నవారు పలకడం నేర్చుకున్నారు. ముడసర్లోవ అనే పేరు ఒక్కసారి విన్నవారు మరోదానితో పొరబడే అవకాశం లేదు. రిజర్వాయరు మీద 2018లో వచ్చిన తేలియాడే సౌర ఫలకాల వల్ల ఆ పేరు ఇప్పటికే ఒకసారి దేశమంతా వినిపించింది.

ఉన్న క్లబ్బు పేరు మార్చాలని దీని అర్థం కాదు. ఈస్ట్ పాయింట్ పేరుతో ఆడిన తరాలున్నాయి, పోటీల రికార్డులున్నాయి. వాటిని తెంచడం వల్ల లాభం లేదు. పోటీ వార్తల్లో క్లబ్బు పేరు పక్కన ముడసర్లోవ అని రాస్తే మొదట చెప్పిన గందరగోళంలో సగం తీరుతుంది. హోల్స్ విషయంలో అవకాశం ఇంకా పెద్దది. ఏ మైదానంలోనైనా క్యాడీలు (ఆటగాళ్ల సంచులు మోసేవారు), పచ్చిక కోసేవారు ఒక్కో మలుపును, ఒక్కో గుంటను తమ మాటల్లో పిలుచుకుంటారు. పోస్టేజ్ స్టాంప్‌లా నిలిచే పేరు ఎక్కువగా అలాంటి చోటే పుడుతుంది. వాటిని అడిగి రాసుకుని, స్కోరు కార్డులో హోల్ సంఖ్య పక్కన తెలుగులో అచ్చువేయడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. రెండు మూడు సీజన్లు గడిచాక ఏ పేర్లు ఆటగాళ్ల నోట నిలిచాయో చూసి, నిలవనివాటిని తరవాతి ముద్రణలో మార్చుకోవచ్చు.